డేటా సైన్స్‌తో నిజమైన సమస్యను పరిష్కరించడం ఎలా: ఒకే ఉదాహరణతో అడుగడుగునా

కృత్రిమ మేధ నేర్చుకున్నవారిలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వచ్చు, అందులోని పాండాస్ అనే ఉపకరణంతో పట్టికలను సవరించగలరు, సైకిట్-లెర్న్ అనే మరో ఉపకరణంలో పది రకాల మోడళ్లు, అంటే పాత డేటా నుంచి నేర్చుకొని అంచనా వేసే ప్రోగ్రాములు, నడపగలరు. కానీ ఎవరైనా వచ్చి "మా దగ్గర ఈ ఇబ్బంది ఉంది, మీ విద్యతో ఏమైనా చేయగలరా?" అని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. అందులో వారి తప్పు లేదు. పాఠాల్లో సమస్య ముందే తయారై వస్తుంది: పట్టిక శుభ్రంగా ఉంటుంది, అంచనా వేయవలసిన కాలమ్ ఏదో చెప్పి ఉంటుంది, ఫలితాన్ని ఏ కొలతతో కొలవాలో కూడా రాసి ఉంటుంది. బయటి ప్రపంచంలో ఆ మూడూ మీరే తేల్చుకోవాలి, అసలు పనిలో సింహభాగం అదే.

ఈ వ్యాసంలో ఒక్క ఉదాహరణనే చివరిదాకా తీసుకువెళతాను. బ్రెజిల్‌లోని విటోరియా నగరపు ఆరోగ్య కేంద్రాల్లో 2016లో నమోదైన 1,10,527 డాక్టర్ అపాయింట్‌మెంట్ల పట్టిక డేటా పట్టికలు పంచుకునే కాగిల్ వెబ్ వేదికలో అందరికీ దొరుకుతుంది. అపాయింట్‌మెంట్ తీసుకున్న రోగి ఆ రోజు వచ్చారా, రాలేదా అన్నది అందులో ఉంటుంది. రోగి రాకపోతే డాక్టరు సమయం వృథా అవుతుంది. ఆ సమయం దొరికి ఉంటే చూపించుకోగలిగిన మరొకరు ఇంకొన్నాళ్లు ఎదురుచూడవలసి వస్తుంది. పట్టికను దింపుకొని, పక్కన తెరిచి పెట్టుకొని, నేను చెప్పే ప్రతి లెక్కనూ మీరే వేసి చూస్తూ చదవడం మంచిది.

నిర్ణయాన్ని ముందుగా ఒక వాక్యంలో రాసుకోండి

"ఎవరు రారో ముందే కనిపెట్టాలి" అన్నది ఇంకా సమస్య కాలేదు, కోరిక మాత్రమే. ఎవరు, ఎప్పుడు, ఏ సమాచారం చూసి, తమ పనిలో దేన్ని మార్చుకుంటారు అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికినప్పుడే అది సమస్య అవుతుంది. మన ఉదాహరణకు ఆ వాక్యాన్ని ఇలా రాయవచ్చు: "అపాయింట్‌మెంట్‌కు రెండు రోజుల ముందు సాయంత్రం, రాకపోయే అవకాశం ఎక్కువగా ఉన్న 50 మంది జాబితాను రిసెప్షన్ సిబ్బందికి ఇస్తాము, వారు మర్నాడు ఉదయం ఆ 50 మందికీ ఫోన్ చేసి గుర్తుచేస్తారు."

ఈ ఒక్క వాక్యం ఎన్ని విషయాలను తేల్చేస్తుందో గమనించండి. అంచనా వేసే క్షణం స్థిరపడింది, కాబట్టి ఆ క్షణానికి తెలిసిన సమాచారాన్ని మాత్రమే మోడల్ వాడుకోవాలి. రోజుకు 50 ఫోన్లే చేయగలరని తెలిసింది, కాబట్టి జాబితాలో పైన ఉన్న 50 మంది విషయంలో మోడల్ ఎంత సరిగ్గా చెబుతుందన్నదే ముఖ్యం, మిగతావారి విషయంలో దాని ప్రతిభ మనకు అక్కరకు రాదు. పొరపాటు జరిగితే నష్టం ఏమిటో కూడా తెలిసింది: ఎలాగూ వచ్చే మనిషికి అనవసరంగా ఒక ఫోన్ వెళుతుంది, అంతే. అదే అంచనాను ఫోన్ చేయడానికి బదులు ఒకే సమయానికి ఇద్దరికి అపాయింట్‌మెంట్ ఇవ్వడానికి వాడితే, పొరపాటు ఫలితం పూర్తిగా వేరు: ఇద్దరూ వస్తారు, ఇద్దరూ గంటల తరబడి కూర్చుంటారు. మోడల్ ఒకటే, చర్య మారగానే ప్రమాదం మారింది.

ఈ వాక్యాన్ని మీ గదిలో కూర్చొని రాయకండి. ఆ పని చేసేవారి పక్కన ఒకటి రెండు రోజులు కూర్చోండి. ఫోన్ ఎప్పుడు తీరుబాటుగా చేయగలరు, నంబరు కలవకపోతే ఏం చేస్తారు, "రాను" అని రోగి చెబితే ఆ సమయాన్ని వేరొకరికి ఇచ్చే అధికారం వారికి ఉందా అన్నవి ఏ పట్టికలోనూ కనిపించవు. ఆ అధికారం లేకపోతే మీ మోడల్ ఎంత గొప్పదైనా ఖాళీ సమయం ఖాళీగానే మిగులుతుంది.

మోడల్ అవసరం ఉందో లేదో నిజాయితీగా పరీక్షించండి

పట్టికలో అపాయింట్‌మెంట్ తీసుకున్న తేదీ, చూపించుకోవలసిన తేదీ రెండూ ఉన్నాయి. ఆ రెంటి మధ్య ఎన్ని రోజుల ఎడం ఉందో లెక్కగట్టి, ఎడాన్ని బట్టి రాని వారి శాతాన్ని చూడండి. మొత్తం మీద 20 శాతం మంది రాలేదు. కానీ అదే రోజు తీసుకొని అదే రోజు చూపించుకున్న దాదాపు 38,500 అపాయింట్‌మెంట్లలో రానివారు 5 శాతం లోపే. రెండు రోజులు, అంతకు మించి ఎడం ఉన్నవాటిలో ఆ సంఖ్య 30 శాతానికి దగ్గరగా వెళుతుంది.

కూడికలు, భాగహారాలతో తేలిన ఈ లెక్క మోడల్‌కంటే ముందే రెండు మాటలు చెబుతోంది. మొదటిది, అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజుకూ చూపించుకునే రోజుకూ మధ్య ఎడాన్ని తగ్గించగలిగితే, అంటే రోజూ కొన్ని సమయాలను అదే రోజు వచ్చేవారి కోసం అట్టేపెట్టగలిగితే, అసలు ఫోన్ల అవసరమే తగ్గవచ్చు. ఇందులో ఒక మెళకువ ఉంది: అదే రోజు వచ్చేవారు తరచుగా అప్పటికప్పుడు నొప్పితో, జ్వరంతో వచ్చేవారు కావచ్చు, కాబట్టి ఎడం తగ్గిస్తే అందరూ వారిలాగే హాజరవుతారని ఈ సంఖ్య హామీ ఇవ్వదు, అయినా ప్రయత్నించి చూడదగిన మార్గం అది. రెండోది మరింత ముఖ్యం. మన వాక్యం ప్రకారం రెండు రోజుల ముందు అంచనా వేస్తాము, అప్పటికి ఆ అదే రోజు అపాయింట్‌మెంట్లు పుట్టి కూడా ఉండవు. వాటిని పట్టికలో ఉంచితే మోడల్‌కు ఒక సులువైన గెలుపు దొరుకుతుంది: "అదే రోజు తీసుకున్నవారు వస్తారు" అని నేర్చుకొని మంచి మార్కులు తెచ్చుకుంటుంది, ఆ జ్ఞానంతో ఒక్క ఫోన్ కూడా చేయలేము. కాబట్టి వాటినీ, ఒక్క రోజు ముందు తీసుకున్నవాటినీ తీసివేయండి. మార్కులు పడిపోతాయి, ఫరవాలేదు. మిగిలిన మార్కులు నిజమైనవి.

అంచనా వేసే కాలమ్ మీరు కోరుకున్నదేనా?

మనకు కావలసినదానికి, పట్టికలో నమోదైనదానికి మధ్య ఉండే తేడాను తక్కువగా చూడవద్దు. 2019లో జియాద్ ఓబర్‌మేయర్, ఆయన సహ పరిశోధకులు అమెరికాలో విస్తృతంగా వాడుకలో ఉన్న ఒక ఆరోగ్య అల్గోరిథమ్‌ను పరిశీలించి సైన్స్ పత్రికలో ప్రచురించారు. అదనపు వైద్య సహాయం ఎవరికి అవసరమో చెప్పడం దాని పని. అవసరాన్ని నేరుగా కొలిచే కాలమ్ లేదు కాబట్టి, రాబోయే వైద్య ఖర్చును అంచనా వేసేలా దాన్ని తయారుచేశారు. అదే స్థాయి జబ్బు ఉన్నా నల్లజాతి రోగులపై జరిగిన ఖర్చు తక్కువ, ఎందుకంటే వారికి వైద్యం అందడమే తక్కువ. దాంతో అల్గోరిథమ్ వారిని ఆరోగ్యవంతులుగా లెక్కగట్టింది. ఆ వక్రత సరిదిద్దితే అదనపు సహాయానికి ఎంపికయ్యేవారిలో నల్లజాతి రోగుల వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని వారు తేల్చారు. మోడల్ తన పనిని తప్పుగా చేయలేదు. ఖర్చును చక్కగానే అంచనా వేసింది. తప్పు అంతా దానికి ఇచ్చిన ప్రశ్నలో ఉంది.

మన పట్టికలో కూడా "రాలేదు" అన్న ఒక్క మాటలో మతిమరుపు, బస్సు దొరకకపోవడం, జబ్బు తగ్గిపోవడం, ఫోన్ చేసి రద్దు చేయడానికి ప్రయత్నించి విసిగిపోవడం అన్నీ కలిసిపోయి ఉంటాయి. గుర్తుచేసే ఫోన్ మతిమరుపుకు మాత్రమే మందు. వీలైతే రాని వారిలో ఒక 30 మందితో మాట్లాడి కారణాలు రాసుకోండి.

పట్టికను వరుస వరుసగా చూడండి

ఇక్కడ తొందరపడవద్దు. నాకు తెలిసినంతలో, మోడల్ మార్చడం వల్ల వచ్చిన మేలుకంటే పట్టికను ఓపికగా చదవడం వల్ల వచ్చిన మేలే ఎప్పుడూ ఎక్కువ.

ముందుగా ప్రతి కాలమ్ అర్థాన్ని మీ మాటల్లో రాయండి. ఈ పట్టికలో ఫలితపు కాలమ్ పేరు "నో-షో". అందులో "నో" అని ఉంటే రోగి రాలేదని కాదు, గైర్హాజరు కాలేదని, అంటే వచ్చారని. దీన్ని తలకిందులుగా చదివితే ఆ తర్వాత చేసే ప్రతి లెక్కా తలకిందులవుతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తుంది. తర్వాత అసాధ్యమైన విలువలు వెతకండి: ఒక రోగి వయసు మైనస్ ఒకటి; ఐదు వరుసల్లో అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజుకంటే చూపించుకోవలసిన రోజే ముందుంది. ఇలాంటి వరుసలు కొన్నే అయితే తీసివేయవచ్చు, కానీ తీసివేసిన సంగతినీ కారణాన్నీ రాసిపెట్టాలి.

ఇక పట్టిక చెప్పని విషయాలు. చూపించుకోవలసిన తేదీలన్నీ 2016 ఏప్రిల్ 29 నుంచి జూన్ 8 లోపలివే. ఆరు వారాల డేటాతో ఏడాది పొడవునా వచ్చే మార్పుల గురించి ఏమీ చెప్పలేము. పండుగలు, పరీక్షలు, వానలు అందులో లేవు. మరొకటి: ఇన్ని అపాయింట్‌మెంట్లు ఉన్నా రోగులు 62,299 మందే. అంటే ఒకే మనిషి పలుమార్లు కనిపిస్తారు. ఈ సంగతి కాసేపట్లో అవసరమవుతుంది.

ఇప్పుడు అన్నింటికంటే పాఠం నేర్పే కాలమ్ దగ్గరకు రండి. రోగికి గుర్తుచేస్తూ ఎస్ఎంఎస్ పంపారా లేదా అన్నది నమోదై ఉంది. ఎస్ఎంఎస్ అందినవారిలో 27.6 శాతం మంది రాలేదు. అందని వారిలో రానివారు 16.7 శాతమే. ఇది చూసి ఎస్ఎంఎస్ పంపడం ఆపేయాలని సలహా ఇస్తే పెద్ద పొరపాటు చేసినట్టే. ఎస్ఎంఎస్‌లు రోజుల ఎడం ఉన్న అపాయింట్‌మెంట్లకే వెళ్లాయి. అదే రోజు వచ్చేవారికి పంపనే లేదు, వారు ఎలాగూ వస్తారు. కాబట్టి మూడు రోజులు, అంతకంటే ఎక్కువ ఎడం ఉన్నవారిని మాత్రమే పక్కకు తీసి మళ్లీ పోల్చండి. ఎస్ఎంఎస్ అందినవారిలో అదే 27.6 శాతం, అందని వారిలో 30 శాతం దాటుతుంది. బాణం దిశ మారిపోయింది. ఈ రెండో పోలిక కూడా ఎస్ఎంఎస్ పనిచేస్తుందని రుజువు చేయదు, ఎందుకంటే ఎడం ఒకటే అయినా ఎవరికి పంపారు, ఎవరికి పంపలేదు అన్నదాని వెనుక మనకు కనిపించని కారణం ఉండవచ్చు. కానీ ఇద్దరిని పోల్చే ముందు వారు పోల్చదగినవారేనా అని అడిగే అలవాటు ఈ ఒక్క కాలమ్‌తో మీకు పట్టుబడితే, నా దృష్టిలో ఈ వ్యాసం చదివిన సమయం వృథా కానట్టే.

పరీక్షకు ఉంచే భాగాన్ని కాలాన్ని బట్టి విడదీయండి

మోడల్‌కు నేర్పే వరుసలు వేరు, దాన్ని పరీక్షించే వరుసలు వేరుగా ఉండాలని పాఠాల్లో చదివే ఉంటారు. ఆ విభజనను చీట్లు తీసినట్టు చేయడం పుస్తకాల్లో అలవాటు. మన పనికి అది తగదు. మోడల్ రేపు గతాన్ని చూసి భవిష్యత్తును చెప్పవలసి ఉంటుంది కాబట్టి, పరీక్ష కూడా అలాగే ఉండాలి: మే 24 వరకు ఉన్నవాటితో నేర్పండి, ఆ తర్వాతి రెండు వారాలతో పరీక్షించండి. పరీక్ష భాగాన్ని చివరిదాకా తెరవకండి. చూసి, మోడల్‌ను సవరించి, మళ్లీ చూస్తే అది పరీక్ష కాకుండా పోతుంది.

డేటా లీకేజ్ అన్న జబ్బు ఇక్కడే మొదలవుతుంది. అంచనా వేసే క్షణానికి తెలియని సమాచారం ఏదో ఒక దారిన మోడల్‌లోకి కారిపోవడమే లీకేజ్. "ఈ రోగి గతంలో ఎన్నిసార్లు రాలేదు" అన్నది చాలా మంచి ఫీచర్, అంటే అంచనాకు ఆధారమయ్యే కాలమ్. కానీ పట్టిక మొత్తాన్ని రోగి వారీగా కూడి ఆ సగటును వాడితే, వచ్చే నెల గైర్హాజరు కూడా ఈ నెల అంచనాలోకి చేరిపోతుంది. ప్రతి వరుసకూ, ఆ అంచనా వేసే సాయంత్రానికి ముందు ముగిసిన అపాయింట్‌మెంట్లను మాత్రమే లెక్కించాలి. ఈ జబ్బు కొత్తవారికి మాత్రమే పరిమితం కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు సయాశ్ కపూర్, అరవింద్ నారాయణన్ 2023లో ప్రచురించిన పరిశీలన ప్రకారం 17 శాస్త్ర రంగాల పరిశోధనల్లో ఇది కనిపించింది. మీ మోడల్ ఫలితం ఊహించనంత బాగుంటే సంతోషించే ముందు లీకేజ్ కోసం వెతకండి.

చిన్న మోడల్‌తో మొదలుపెట్టండి

ఈ అడుగు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మొదట మోడలే లేని ఒక నియమం పెట్టుకోండి: "గతంలో ఒకసారి రానివారు, ఎడం ఎక్కువ ఉన్నవారు ముందు." తర్వాత లాజిస్టిక్ రిగ్రెషన్ (ప్రతి కాలమ్‌కూ ఒక బరువు ఇచ్చి, కూడి, అవకాశాన్ని చెప్పే సరళమైన మోడల్) నడపండి, ఆ తర్వాత గ్రేడియంట్ బూస్టింగ్ (ఒకదాని పొరపాట్లను మరొకటి సరిదిద్దేలా చిన్న చిన్న నిర్ణయ వృక్షాలను పేర్చే మోడల్). పట్టిక రూపంలో ఉన్న డేటాకు ఈ రెండూ చాలా వరకు సరిపోతాయి. పెద్ద మోడల్ చిన్న నియమాన్ని కొద్దిగా మాత్రమే మించితే చిన్న నియమాన్నే ఎంచుకోండి. దాన్ని రిసెప్షన్‌లో ఉన్నవారికి ఒక నిమిషంలో వివరించగలరు, మీరు లేనప్పుడు కూడా అది నడుస్తుంది.

మీ సమస్యలో డేటా పట్టికగా కాకుండా ఫిర్యాదులు, ఉత్తరాలు, డాక్టరు రాతల రూపంలో ఉంటే చాట్‌జీపీటీ వంటి పెద్ద భాషా మోడళ్లు నిజంగా ఉపయోగపడతాయి. అయినా క్రమం మారదు. ఒక 200 రాతలను ఇద్దరు మనుషులు విడివిడిగా చదివి వర్గీకరించాలి. ఆ ఇద్దరే ఏకీభవించలేకపోతే వర్గాల నిర్వచనంలో లోపం ఉందని అర్థం, ముందు దాన్ని సరిచేయాలి. ఆ తర్వాతే మోడల్ జవాబులను మనుషుల జవాబులతో పోల్చాలి. రోగుల పేర్లు, నంబర్లు తీసివేయకుండా వారి రాతలను బయటి సేవలకు పంపవద్దు.

ఫలితాన్ని నిర్ణయంతో కొలవండి

మొత్తం పట్టిక మీద 80 శాతం కచ్చితత్వం సాధించానని ఎవరైనా చెబితే మెచ్చుకోకండి. "అందరూ వస్తారు" అని కళ్లు మూసుకొని చెప్పినా 80 శాతం సరైపోతుంది, ఆ జవాబుతో ఒక్కరికి కూడా ఫోన్ చేయలేము. మనకు కావలసినవి రెండే. రోజుకు పైనున్న 50 మందిలో నిజంగా రానివారు ఎందరు? మోడల్ 40 శాతం అవకాశమని చెప్పిన వందమందిలో నిజంగా సుమారు 40 మంది రాకుండా ఉన్నారా? రెండోదాన్ని కాలిబ్రేషన్ అంటారు. అది సరిగా లేకపోతే కింది లెక్క పనికిరాదు.

ఒక ఖాళీ సమయం వల్ల నష్టం 10 అనుకుందాం, ఒక ఫోన్ ఖర్చు 1. రానివారికి ఫోన్ చేస్తే వారిలో 30 శాతం మంది మనసు మార్చుకొని వస్తారనుకుందాం. రాకపోయే అవకాశం ఉన్న శాతాన్ని 30 శాతంతో, 10తో గుణిస్తే ఫోన్ వల్ల వచ్చే లాభం తెలుస్తుంది. అవకాశం 33 శాతం దాటితేనే ఆ లాభం ఫోన్ ఖర్చును మించుతుంది. అదే ఫోన్ 10 శాతం మందిలోనే ఫలిస్తే, ఎవరికి చేసినా నష్టమే. ఎంత కచ్చితమైన మోడల్ అయినా ఆ నష్టాన్ని మార్చలేదు. ఈ లెక్కలో నేను ఊహించిన అంకెల స్థానంలో మీ అంకెలు పెట్టుకోండి. "ఎంతమందిలో ఫలిస్తుంది" అన్న అంకె పాత పట్టికలో దొరకదని కూడా గుర్తించండి.

ఎవరికి భారం పడుతుందో చూడండి

పట్టికలో నివాస ప్రాంతం, ప్రభుత్వ సంక్షేమ సహాయం అందుతోందా అన్న కాలమ్‌లు కూడా ఉన్నాయి. ఫోన్ చేయడానికి ఇవి వాడితే పేదవారికి ఒక ఫోన్ ఎక్కువ వస్తుంది, అది మేలే. కానీ అదే జాబితాను తర్వాత ఎవరైనా ఒకే సమయానికి ఇద్దరిని పిలవడానికి వాడితే, రాకపోకల ఇబ్బందులున్న పేదవారే ఎక్కువసేపు బారులు తీరి కూర్చుంటారు. అందుకే జాబితాను దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో దానితో పాటే రాసి ఇవ్వండి. ప్రాంతాల వారీగా, వయసు వారీగా మోడల్ పొరపాట్లను విడివిడిగా లెక్కగట్టండి. మొత్తం సగటు బాగున్నా ఒక గుంపు విషయంలో అది ఘోరంగా ఉండవచ్చు.

చిన్న ప్రయోగంతో రుజువు చేయండి

మోడల్ సరిగా చెప్పడం వేరు, దానివల్ల మేలు జరగడం వేరు. రెండోది తెలియాలంటే ప్రయోగం తప్ప దారి లేదు. రోజూ 50కి బదులు 100 మంది జాబితా తీయండి, చీట్లు తీసినట్టు సగం మందిని ఎంచుకొని వారికే ఫోన్ చేయండి, రెండు సగాల్లో రానివారిని పోల్చండి. ఒకే రోగి మళ్లీ వస్తే మొదట పడిన గుంపులోనే ఉంచండి. గైర్హాజరు 35 శాతం నుంచి 25 శాతానికి తగ్గుతుందని మీరు ఆశిస్తే, ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవడానికి ఒక్కో గుంపులో సుమారు 330 మంది కావాలి. అంటే ఏడు పనిదినాలు సరిపోతాయి. ఇంత చవకగా నిజం తెలిసే వీలుండగా నెలల తరబడి మోడల్‌కు మెరుగులు దిద్దడం నాకు సమంజసంగా అనిపించదు.

నడిచే మోడల్‌ను కనిపెట్టుకొని ఉండండి

గూగుల్ సంస్థ 2008లో ప్రజల వెతుకులాటలను బట్టి ఫ్లూ వ్యాప్తిని అంచనా వేసే సేవను ప్రారంభించింది. మొదట్లో అది ప్రభుత్వ లెక్కలకు దగ్గరగా ఉండేది. 2011 ఆగస్టు నుంచి 108 వారాల్లో 100 వారాలు అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిందని 2014లో డేవిడ్ లేజర్ బృందం సైన్స్ పత్రికలో వివరించింది. వెతికే యంత్రమూ మారింది, వెతికే మనుషుల అలవాట్లూ మారాయి, మోడల్ మాత్రం వాటికి తగినట్టు మారలేదు.

మీ జాబితా విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఫోన్లు మొదలయ్యాక, రాకపోవలసిన మనిషి ఫోన్ వల్ల వస్తారు. పట్టికలో మాత్రం "వచ్చారు" అని పడుతుంది. కొన్ని నెలల తర్వాత ఆ పట్టికతో మళ్లీ నేర్పితే, అలాంటివారికి ప్రమాదం లేదని మోడల్ నేర్చుకొని వారిని జాబితా నుంచి తప్పిస్తుంది. కాబట్టి ఫోన్ చేశారా లేదా అన్నది ప్రతి వరుసలోనూ నమోదు చేయించండి, జాబితాలోని ఒక చిన్న భాగాన్ని ఎప్పుడూ ఫోన్ లేకుండా ఉంచండి. నెలకొకసారి ఆ భాగంలో కాలిబ్రేషన్‌ను, రెండు భాగాల మధ్య గైర్హాజరు తేడాను సరిచూసే బాధ్యతను పేరు పెట్టి ఒక మనిషికి అప్పగించండి. తేడా ఎంతకు పడిపోతే జాబితాను ఆపివేయాలో మొదటి ఫోన్ చేయకముందే ఆ మనిషితో కలిసి కాగితం మీద రాసుకోండి, ఆ అంకె వచ్చిన రోజున ఆపివేయండి.